బోల్ట్ పీకే ముందు సుత్తితో ఒకసారి కొట్టి చూడండి

మీ ప్రశ్న ఇదీ: "మేం ఎక్కే కొండ మీద ఒక పాత రూట్‌లో ఎవరో అడగకుండా కొత్తగా రెండు బోల్ట్‌లు వేశారు. పక్కనే కామ్ పెట్టుకోవడానికి చక్కటి పగులు ఉంది. ఆ బోల్ట్‌లు పీకేయడం న్యాయమేనా?"

కొత్తవాళ్ళ కోసం ఒక ముక్క: బోల్ట్ అంటే తాడు తగిలించుకోవడానికి రాతికి కన్నం వేసి శాశ్వతంగా దిగ్గొట్టే లోహపు కడ్డీ; కామ్ అంటే కన్నం వేయకుండా పగుల్లో ఇరికించి, తర్వాత తీసుకుపోయే పరికరం. ఇక జవాబు: న్యాయమే కావచ్చు. కానీ మీరు మాత్రం పీకకండి. ఎందుకంటే ఇదే ప్రశ్న నేనూ ఒకప్పుడు వేసుకున్నాను, ఎవరినీ అడక్కుండా నాకు నేనే జవాబు చెప్పుకుని వెళ్ళి పీకేశాను.

అప్పటికి నేను ఎక్కడం మొదలుపెట్టి మూడేళ్ళు. ఈ ఆటలో మూడేళ్ళ అనుభవం చాలా ప్రమాదం. ముడులు వేయడం వచ్చేస్తుంది, భయం తగ్గుతుంది, అభిప్రాయాలు మాత్రం విపరీతంగా పెరుగుతాయి. నా బుర్ర నిండా అప్పుడు సెర్రో టోర్రే శిఖరం కథే. 1970లో చేజరె మాయెస్త్రి అనే ఇటాలియన్ పెట్రోల్‌తో నడిచే కంప్రెసర్‌ని దక్షిణ అమెరికా కొసన పటగోనియాలో ఆ శిఖరం మీదికి తాళ్ళతో లాక్కెళ్ళి, దాంతో కన్నాలు వేసి, దాదాపు 400 బోల్ట్‌లు దిగ్గొట్టాడు. ఆ కంప్రెసర్ అక్కడే గోడకి వేలాడుతూ ఉండిపోయింది. 2012 జనవరిలో హేడెన్ కెన్నెడీ, జేసన్ క్రుక్ అనే ఇద్దరు కుర్రాళ్ళు ఆ బోల్ట్ నిచ్చెనను వాడుకోకుండా పైకి ఎక్కి, దిగేటప్పుడు 120 దాకా పీకేశారు. ఆ వార్త చదివిన రోజు నాకు వాళ్ళిద్దరూ దేవుళ్ళలా కనిపించారు.

ఆ కథలో నాకు తలకెక్కింది సగమే. ముందు వాళ్ళు ఎక్కి చూపించారు, ఆ తర్వాతే పీకారు. అయినా కిందికి దిగేసరికి ఊరి జనం కోపంతో ఊగిపోతున్నారు, పోలీసులు పట్టుకుని ఆ బోల్ట్‌లు స్వాధీనం చేసుకున్నారు. అక్కడ కొండెక్కేవాళ్ళలోనే సగం మంది "నలభై ఏళ్ళుగా ఉన్న రూట్‌ని తీసేయడానికి మీరెవరు?" అన్నారు. ఇవన్నీ నేను చదవకపోలేదు. చదివి పక్కన పెట్టేశాను.

మా కొండ మీద ఒక రూట్‌లో మూడో బోల్ట్ అంటే నాకు ఒళ్ళు మంట. దాని పక్కనే అరచేయి దూరేంత పగులు. అక్కడ నేను రెండుసార్లు కామ్ పెట్టుకుని హాయిగా ఎక్కాను కూడా. ఇంత మంచి పగులు పక్కన బోల్ట్ ఏమిటి, ఆడలేక మద్దెల ఓడన్నట్టు, ధైర్యం లేనివాళ్ళు రాతికి కన్నాలు పెడతారు అని నా తీర్మానం. ఒక మంగళవారం ఎవరూ ఉండరని చూసుకుని వెళ్ళాను. పీకేవాళ్ళెప్పుడూ ఎవరూ లేని రోజే వెళ్తారు, గమనించారా? అంత న్యాయమైన పనైతే ఆదివారం పొద్దున్న పది మంది ముందు చేయొచ్చు కదా. ఇది ఇప్పుడు తడుతోంది కానీ అప్పుడు తట్టలేదు.

పైనుంచి తాడు వేసుకుని దిగాను. చేతిలో స్పానర్, సుత్తి, చిన్న గడ్డపలుగు. నట్ విప్పాను, తాడు తగిలించే చెవిలాంటి హ్యాంగర్ ఊడి వచ్చింది. రెండు నిమిషాల పని. ఓస్ ఇంతేనా అనుకున్నాను. అసలు బోల్ట్ మాత్రం కదల్లేదు.

కదలదు మరి. ఆ రకం బోల్ట్‌లో లోపల చివర ఒక క్లిప్ ఉంటుంది. బయటికి లాగేకొద్దీ అది విచ్చుకుని రాతిని ఇంకా గట్టిగా కరుచుకుంటుంది. 25 కిలోన్యూటన్లు, అంటే రెండున్నర టన్నుల బరువును ఆపాలని తయారుచేసిన వస్తువు అది. దాన్ని నేను గడ్డపలుగుతో పెకలిద్దామనుకున్నాను. గంటన్నర కుస్తీ పట్టాను. పలుగు ఆనించిన చోట రాతి అంచు పెచ్చుగా లేచిపోయింది. ఇంకోవైపు నుంచి ప్రయత్నిస్తే అటూ ఒక పెచ్చు. చివరికి విసుగొచ్చి సుత్తితో అటూ ఇటూ వంచి వంచి కొట్టాను, టక్కుమని విరిగింది. కానీ రాతి లోపలికి కాదు. గోరంత మొండెం బయటికే ఉండిపోయింది, పైగా అంచు బ్లేడులా. చుట్టూ పళ్ళెమంత మేర తెల్లగా చెక్కుకుపోయిన రాయి. ఇంత మట్టి తడిపి పులిమాను. హ్యాంగర్‌ని జేబులో వేసుకుని, ఏదో ధర్మకార్యం చేసినట్టు ఇంటికెళ్ళాను. ఎవరికీ చెప్పలేదు.

నాలుగు నెలల తర్వాత ఒక ఆదివారం నేను కిందే కూర్చుని బూట్లు కట్టుకుంటున్నాను. కొత్తగా ఇద్దరు వచ్చారు, ఒక అబ్బాయి, ఒక అమ్మాయి. చేతిలో రూట్ మ్యాప్ ప్రింట్ ఉంది. అందులో ఆ లైన్‌కి అయిదు బోల్ట్‌లు అని రాసి ఉంది. అందుకని బోల్ట్‌కి తాడు తగిలించే క్విక్‌డ్రాలు మాత్రమే తెచ్చుకున్నారు, కామ్‌లు లేవు. అబ్బాయి లీడ్, అంటే తాడుని బోల్ట్ బోల్ట్‌కీ తగిలించుకుంటూ ముందుగా, ఎక్కడం మొదలుపెట్టాడు. వాళ్ళు ఏ లైన్ ఎక్కుతున్నారో నేను తలెత్తి చూసేసరికి అతను రెండో బోల్ట్ దాటి పైకి వెళ్ళిపోయాడు.

"అన్నా, ఇక్కడ బోల్ట్ ఉండాలి కదా?" అని పైనుంచి కేక. నాకు కాదు, గాలికే అడిగినట్టు. కాసేపటికి, "విరగ్గొట్టేశారు!" అన్నాడు.

కింద బోల్ట్ అయిదు మీటర్ల దిగువన ఉంది. జారితే, తాడు సాగడంతో కలిపి, పది మీటర్లు దాటి పడతాడు, దారిలో ఒక గట్టు కూడా ఉంది. అతని కుడికాలు కుట్టుమిషన్‌లా కొట్టుకోవడం కింది నుంచే కనిపిస్తోంది. దిగి రాలేడు, ఎక్కలేడు. "కదలకండి, పైనుంచి తాడు వేస్తాను" అని అరిచి, వెనక దారిన పరిగెత్తాను. మామూలుగా పావుగంట నడక. ఎంతసేపట్లో వెళ్ళానో నాకు తెలీదు. పైన చెట్టుకి యాంకర్ కట్టి, తాడు చివర ముడి వేసి, దానికి ముందే లాక్ అయ్యే కొక్కెం, కారబీనర్, తగిలించి దించాను. అలాంటి చోట రెండు చేతులతో ముడి వేసుకోమంటే ఎవరి వల్లా కాదు. అతను ఒక్క చేత్తో అందుకుని నడుము బెల్టుకి తగిలించుకున్న క్లిక్ శబ్దం పైకి వినిపించింది. ఆ తర్వాత నా కాళ్ళు వణకడం మొదలుపెట్టాయి.

కిందికొచ్చాక ఆ అమ్మాయి నీళ్ళ సీసా అందిస్తూ, "ఎవరు పీకారో గానీ వాళ్ళకి బుద్ధుందా అండీ?" అంది.

"లేదండీ" అన్నాను. అంతకుమించి మాట పెగల్లేదు.

ఆ రాత్రి నాకు ఎక్కడం నేర్పిన అన్నకి ఫోన్ చేసి మొత్తం చెప్పేశాను. తిడతాడనుకున్నాను. కాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత, "ఆ బోల్ట్ వేసింది నేనేరా" అన్నాడు.

"మరి పక్కన పగులుంది కదా అన్నా?"

"పగుల్ని కొట్టి చూశావా?"

చూడలేదు. ఆ తర్వాతి వారం ఇద్దరం వెళ్ళాం. అన్న సుత్తితో పగులుకి ఎడమ పక్క కొట్టాడు, ఖంగుమంది. కుడిపక్క కొట్టాడు, ఖాళీ డబ్బా మీద కొట్టినట్టు డబడబమంది. అటుపక్కది కొండ కాదు, కొండకి ఆనుకుని నిలబడ్డ పెద్ద పలక. కామ్ మీద ఎంత బరువు పడితే దానికి దాదాపు రెట్టింపు బలంతో అది పగులు గోడల్ని అటూ ఇటూ నెడుతుంది. అక్కడ కామ్ పెట్టుకుని పడినవాడు తాను పడటమే కాక ఆ పలకను కూడా మీదికి తెచ్చుకుంటాడు. నేను రెండుసార్లు "హాయిగా" ఎక్కానంటే పడలేదు కాబట్టి. అంతే.

అందుకే మీరు "చక్కటి పగులు ఉంది" అని రాస్తే నాకు నమ్మకం కలగడం లేదు. మీరూ నాలాగే చూసి చెప్తున్నారా, కొట్టి చూసి చెప్తున్నారా?

ఆ రోజు అన్న ఇంకో కథ చెప్పాడు. 1970లోనే అమెరికాలోని యోసెమిటీలో వారెన్ హార్డింగ్, డీన్ కాల్డ్‌వెల్ ఎల్ కాపిటన్ అనే పెద్ద రాతి గోడ మీద 27 రోజులు ఉండి డాన్ వాల్ ఎక్కారు. కన్నాలు 300కు పైనే వేశారు. ఇది ఘోరమని, అప్పటికే పేరుమోసిన క్లైంబర్ రాయల్ రాబిన్స్ మరుసటి ఏడాది ఆ రూట్ ఎక్కుతూ బోల్ట్‌లు నరుక్కుంటూ పోయాడు. కొంత ఎత్తు వెళ్ళాక చూస్తే బోల్ట్‌ల మధ్య హార్డింగ్ చేసిన పని తాను అనుకున్నదానికంటే చాలా కష్టమైనది. నరకడం ఆపేసి, మిగతావి అలాగే ఉంచి పైకి వెళ్ళాడు. "అంతటి రాబిన్సే మధ్యలో ఆగి ఆలోచించాడు, నీకేం తొందరరా?" అన్నాడు అన్న. నాకు ఇప్పటికీ ఈ వాదనలో దీన్ని మించిన మాట దొరకలేదు. పీకినవాళ్ళ గురించే కథలు చెప్పుకుంటాం, చేయి ఆపుకున్నవాళ్ళ గురించి చెప్పుకోం.

ఇంతా విని నేను బోల్ట్‌ల పక్షం అనుకోకండి. బ్యాటరీ డ్రిల్ చేతికొచ్చాక మనుషులు పాడైపోయారన్నది నా గట్టి నమ్మకం. చేత్తో కన్నం వేసే రోజుల్లో ఒక్కో కన్నానికి అరగంటో గంటో పట్టేది, ఆ సేపట్లో "ఇది నిజంగా అవసరమా?" అని భుజమే అడిగేది. ఇప్పుడు నిమిషంలో అయిపోతుంది. యోసెమిటీలో ఇప్పటికీ కరెంటు డ్రిల్ నిషేధం, అది అన్నిచోట్లా ఉండాలి. ఇంగ్లాండ్‌లో గ్రిట్‌స్టోన్ అనే గరుకు ఇసుకరాతి మీద బోల్ట్ వేస్తే ఊరుకోరు. జర్మనీలో ఎల్బే నది పక్క ఇసుకరాతి మీదైతే కామ్‌లు, పగుళ్ళలో ఇరికించే లోహపు నట్‌లు కూడా పెట్టనివ్వరు. మెత్తటి రాయి అరిగిపోతుందని తాడు ముడులే పగుళ్ళలో ఇరికించి ఎక్కుతారు, ఇనుప రింగులు ఎక్కడో దూరం దూరంగా ఉంటాయి. ఏ రాయికి తగ్గ మర్యాద ఆ రాయికి ఉంటుంది. అది అక్కడ ఎన్నాళ్ళుగానో ఎక్కుతున్నవాళ్ళని అడిగితే తెలుస్తుంది కానీ వీడియో చూస్తే తెలీదు.

ఇంకో బాధ కూడా చెప్పేస్తాను. బోల్ట్ వేసేవాళ్ళలో సగం మందికి ఏ లోహం వేస్తున్నారో తెలీదు. జింక్ పూత బోల్ట్‌కి స్టెయిన్‌లెస్ హ్యాంగర్ బిగిస్తారు. రెండు లోహాలు తడిలో కలిస్తే ఒకటి రెండోదాన్ని తినేస్తుంది. సముద్రం పక్కనైతే స్టెయిన్‌లెస్ కూడా నమ్మకం లేదు. థాయ్‌లాండ్‌లో రాయ్‌లే దగ్గర చూడటానికి మెరుస్తున్న బోల్ట్‌లే లోపల చిట్లి విరిగిపోతుంటే, చివరికి టైటానియంవి జిగురుతో అతికించాల్సి వచ్చింది. ఇక పైన యాంకర్ రింగుల్లోంచే తాడు వేసి రోజంతా పది మందిని టాప్‌రోప్ ఎక్కించే మహానుభావులున్నారు. తాడుకి అంటిన ఇసుక ఆ రింగుల్ని ఆకురాయిలా అరగదీస్తుంది. సొంత కారబీనర్లు రెండు తగిలించుకుంటే ఏం పోతుంది? ఇలాంటివి చూసీ చూడనట్టు పోయేవాళ్ళే బోల్ట్ నీతి గురించి రాత్రంతా పోట్లాడతారు.

సరే, నేను చేసిన పని ఎక్కడ తేలిందో చెప్తాను. సరిగ్గా తీయాలంటే బోల్ట్‌ని డ్రిల్‌కి తగిలించి గిరగిరా తిప్పి, లోపలి క్లిప్ అరిగాక మెల్లగా లాగాలట. అలా తీస్తే పాత కన్నంలోనే కొత్త బోల్ట్ వేయొచ్చు, రాతికి కొత్త గాయం ఉండదు. నేను విరగ్గొట్టినదానికి పట్టు దొరకదు కాబట్టి ఆ దారి మూసుకుపోయింది. మొండేన్ని గ్రైండర్‌తో రాతి మట్టానికి కోసేసి, ఎపాక్సీలో అదే కొండ రాతిపొడి కలిపి పూడ్చాం. ఒక జానెడు పక్కన సుత్తితో కొట్టి చూసి, గట్టి రాతిలో అన్న కొత్త కన్నం వేశాడు. ఈసారి కన్నాన్ని బోల్ట్ కంటే ఒక సెంటీమీటరు లోతుగా వేశాడు, రేపెప్పుడైనా వద్దనుకుంటే సుత్తితో లోపలికి దిగ్గొట్టి పూడ్చేయొచ్చని. దుమ్ము ఊది, బ్రష్ పెట్టి, మళ్ళీ ఊది, మళ్ళీ బ్రష్ పెట్టాడు. నేను తాడుకి వేలాడుతూ చూస్తూ ఉన్నాను. ఒక బోల్ట్ తగ్గిద్దామని మొదలుపెట్టినవాణ్ణి, అదే బోల్ట్ కోసం రెండు కన్నాలు మిగిల్చాను. పూడ్చిన చోట పొడి రంగు సరిగ్గా కుదరలేదు. వాన పడి రాయి నల్లబడ్డప్పుడు ఆ మచ్చ టూత్‌పేస్ట్ చుక్కలా కింది నుంచే కనిపిస్తుంది.

మీ విషయానికొస్తే, ముందు వేసినవాళ్ళెవరో కనుక్కోండి, అది అంత కష్టం కాదు, కొండెక్కేవాళ్ళ లోకం చిన్నది. మొదట ఆ రూట్ ఎక్కినవాళ్ళు ఉంటే వాళ్ళనీ అడగండి. అయితే వాళ్ళ మాటే వేదం అని నేననను, ముందు ఎక్కినంత మాత్రాన కొండ రాసిచ్చినట్టు కాదు. సుత్తి తీసుకెళ్ళి పగులుకి రెండు పక్కలా కొట్టి వినండి. అన్నీ చూశాక కూడా ఆ బోల్ట్‌లు దండగ అని తేలితే, తీయడం వచ్చినవాళ్ళ చేత తీయించండి, పగలు తీయించండి, రూట్ మ్యాప్‌లో మార్పించేదాకా కింద ఒక కాగితమైనా కట్టి ఉంచండి.

ఆ హ్యాంగర్ నా దగ్గరే ఉంది, తాళంచెవుల గుత్తికి తగిలించుకున్నాను. అన్న కనిపించినప్పుడల్లా "అది నాది, ఎప్పుడిస్తావురా?" అంటాడు. ఇస్తానన్నా అంటాను.