1980లలో మన బతుకుని మార్చింది టీవీ కాదు, కరణం గారి ఉద్యోగం పోవడం

అడిగిన ప్రశ్న ఇది: "1980ల దశకంలో జరిగినవాటిలో తెలుగువాళ్ల రోజువారీ జీవితాన్ని బాగా మార్చిన ఘట్టాలు ఏవి?"

ఇప్పటిదాకా వచ్చిన జవాబులన్నీ చదివాను. కలర్ టీవీ, మారుతి కారు, 83 వరల్డ్ కప్పు, ఎస్టీడీ బూత్. ఒకాయన వీసీఆర్ అద్దెకు తెచ్చుకోవడం గురించి రెండు పేజీలు రాశారు. బాగానే ఉంది గానీ ఇవన్నీ టౌన్లో పెరిగినవాళ్ల 1980లు. అప్పట్లో రాష్ట్రంలో నలుగురిలో ముగ్గురు పల్లెల్లోనే ఉండేవాళ్లు. మా ఊరికి మొదటి టీవీ వచ్చేసరికే దశాబ్దం సగం అయిపోయింది. మారుతి కారంటారా, ఎవరి పెళ్లికో వచ్చిన చుట్టాలది చూడ్డమే. పిల్లలం దాని చుట్టూ చేరితే డ్రైవరు అదిలించేవాడు.

నా జవాబు ఒక తేదీ. 1984 జనవరి 6. ఎన్టీఆర్ ముఖ్యమంత్రి అయి ఇంకా ఏడాది నిండలేదు. ఆ రోజు ఒక ఆర్డినెన్సు తెచ్చి గ్రామాధికారుల పదవులన్నీ రద్దు చేశారు. కోస్తా, సీమల్లో కరణాలు, మునసబులు, తెలంగాణలో పటేళ్లు, పట్వారీలు, అందరూ ఒకేసారి ఇంటికి. మునసబు పదవి వంశపారంపర్యంగా ఇవ్వడం రాజ్యాంగానికి విరుద్ధమని మన రాష్ట్రం నుంచి వెళ్లిన కేసులోనే సుప్రీంకోర్టు 1960లో చెప్పింది. చెబితే ఏమైంది? మా ఊళ్లో తాత కరణం, తండ్రి కరణం, కొడుకు కరణం. మనవడికి కూడా బళ్లో అందరూ "చిన్న కరణం" అనే పేరు పెట్టేశారు.

ఇప్పటి పిల్లలకి ఇదేదో ఉద్యోగాల గొడవలా అనిపించొచ్చు. కాదు. ఊళ్లో ఏ పొలం చెక్క ఎవరిదో, ఈ ఏడు ఎవరు సాగు చేశారో రాసేది కరణం. శిస్తు వసూలు చేసేది, చావులు, పుట్టుకలు రిజిస్టరులో ఎక్కించేది మునసబు. అప్పు కావాలన్నా, పొలం అమ్మాలన్నా, అన్నదమ్ములు పంచుకోవాలన్నా వాళ్ల చేతిరాత లేనిదే పని నడవదు. ఆ కాగితాలు ఆఫీసులో ఉండవు, వాళ్లింట్లోనే ఉంటాయి. అది అసలు విషయం. ప్రభుత్వ రికార్డు చూడాలంటే ఒకరి ఇంటి గుమ్మం దగ్గరికి పోయి, ఆయన భోజనం చేసి లేచేదాకా నిలబడాలి.

(మునసబు రాసిన పుట్టుకల రిజిస్టరు గురించి ఒక్క మాట. మా తరంలో సగం మందికి సర్టిఫికెట్లలో పుట్టినరోజు జూన్ ఒకటో, జూలై ఒకటో ఉంటుంది. బళ్లో చేర్చేటప్పుడు మాస్టారు రాసుకున్న తేదీ అది. అసలు తేదీ రిజిస్టరులో ఉందో లేదో అడగడానికి ఎవరికీ ధైర్యం లేదు, ఓపికా లేదు. ఇప్పుడు జూలై ఒకటిన నాకు ఫోన్ చేసి "హ్యాపీ బర్త్‌డే సార్" అనే బ్యాంకు పిల్లకి ఈ కథంతా ఎలా చెప్పను?)

సరే, మా నాయనమ్మ దగ్గరికి వస్తాను. మాది అప్పటి గుంటూరు జిల్లా, రేపల్లె వైపు డెల్టా పల్లె. నాయనమ్మకి వాళ్ల నాన్న పసుపు కుంకుమ కింద డెబ్భై సెంట్ల మాగాణి ఇచ్చాడు. అదే ఊరు కాబట్టి సాగు మా తాతే చేసేవాడు, పంట మా ఇంటికే వచ్చేది. కానీ అడంగల్లో, అంటే ఏటా ఏ పొలం ఎవరు సాగు చేశారో కరణం రాసే పుస్తకంలో, అనుభవదారు గడిలో మాత్రం నాయనమ్మ తమ్ముడి పేరు. మొదట్లో ఎలా పడిందో పడింది, తర్వాత ఏటా అదే ఎత్తి రాసేవాళ్లు. జమాబందీ (ఏటా జరిగే శిస్తు లెక్కల తనిఖీ) ముందు ప్రతి ఏడూ నాయనమ్మ కరణం గారింటికి వెళ్లేది. చదువు రాదు కాబట్టి తోడు నన్ను తీసుకెళ్లేది. ఎనిమిదో తరగతి చదివేవాణ్ణి చూసి ఆయన భయపడతాడని ఆమె ఆశ.

ఎత్తు అరుగు, దాని మీద తుంగచాప, చాప మీద ఏటవాలు రాతబల్ల. పక్కన ఎర్ర గుడ్డలో కట్టిన దఫ్తరాలు. మేం కింద నిలబడేవాళ్లం. ఎక్కొద్దని ఎవరూ అనలేదు, ఎక్కమనీ అనలేదు. నాయనమ్మ చేతిలో ఒక గుమ్మడికాయో, కొంగులో పెసలో ఉండేవి. ఎవరో వచ్చి వాటిని లోపలికి తీసుకుపోయేవాళ్లు, మాటా పలుకూ లేకుండా. ఆయన కళ్లద్దాల పైనుంచి చూసి, "ఈ ఫసలీకి రాసేశానమ్మా, వచ్చే ఫసలీకి చూద్దాంలే" అనేవారు. ఫసలీ అంటే రెవిన్యూ లెక్కల ఏడాది. కోపంగా కాదు, చాలా మర్యాదగానే అనేవారు. ఆ మర్యాదకే నాకు ఒళ్లు మండేది.

ఆర్డినెన్సు వచ్చాక, సంక్రాంతి వెళ్లిన తర్వాత ఒక రోజు రికార్డులు స్వాధీనం చేసుకోవడానికి రెవిన్యూ ఇనస్పెక్టరు వచ్చాడు. ఇద్దరు బంట్రోతులు, ఒక ఎడ్లబండి. ఊరు ఊరంతా రామాలయం దగ్గర చేరింది. మునసబు గారు సీలు, రసీదు పుస్తకాలు గబగబా ఇచ్చేసి వెళ్లిపోయారు, ఆయనకి సిగ్గుగా ఉన్నట్టుంది. కరణం గారు మాత్రం ఒక్కొక్క కట్టా తెప్పించి విప్పి చూపిస్తూ ఇచ్చారు. ఊరి పటం సగం చెదలు తినేసింది. ఇనస్పెక్టరు తన లిస్టు చూసి "ఇంకా ఉండాలే" అన్నాడు. "ఉన్నవి ఇవే" అన్నారు కరణం గారు. అటక మీద ఇంకా ఉన్నాయని అక్కడున్న ప్రతివాడికీ తెలుసు. ఎవరూ నోరు విప్పలేదు.

అప్పుడు మా నాయనమ్మ జనాన్ని తోసుకుంటూ ముందుకొచ్చింది. ఆ రోజు చేతిలో గుమ్మడికాయ లేదు. "బాబూ, నా పొలం ఎవరి పేరున ఉందో కాస్త చదివిపెట్టండి" అని ఇనస్పెక్టర్ని అడిగింది.

పాపం ఆయనకి ఆ పుస్తకాల వరస తెలియదు. పేజీలు ముందుకీ వెనక్కీ తిప్పుతున్నాడు. 1393 ఫసలీ అడంగల్ ఏదో, పాతది ఏదో పోల్చుకోలేకపోతున్నాడు. కరణం గారు పక్కన నిలబడి కాసేపు ఓపిక పట్టారు. తర్వాత పుస్తకం వైపు చూడకుండానే అందుకున్నారు: "సర్వే నంబరు నూట పన్నెండు బై రెండు బి. డెబ్భై సెంట్లు, మాగాణి. ఎడమ చేతి వైపు పేజీలో కింద ఉంటుంది చూడండి." ఇనస్పెక్టరు చూశాడు, ఉంది. పైకి చదివాడు. అనుభవదారు ఫలానా అని నాయనమ్మ తమ్ముడి పేరు. ఆ తమ్ముడు ఆ జనంలోనే ఉన్నాడు, చుట్ట కాలుస్తూ.

అన్నాళ్లూ ఆ గడిలో ఎవరి పేరుందో ముగ్గురు నలుగురికే తెలుసు. ఇప్పుడు ఊరందరి ముందూ ఒక ప్రభుత్వోద్యోగి గట్టిగా చదివేశాడు. మా తాత ఏమీ అనలేదు. నాయనమ్మే తమ్ముడి వైపు తిరిగి, "ఏరా, ఎప్పుడన్నా మడిలో కాలు పెట్టావురా నువ్వు?" అంది. ఆయన చుట్ట పారేసి ఇంటికెళ్లిపోయాడు. ఆ సంక్రాంతి తర్వాత ఉగాది దాకా రెండిళ్ల మధ్య మాటల్లేవు.

పేరు ఆ రోజే మారిపోయిందనుకోకండి. అర్జీ పెట్టుకోమన్నారు. పెట్టాం. తాలూకా కచేరీకి బస్సెక్కి పోవడం, గుమాస్తా లేడని తిరిగి రావడం. మధ్యలో ఆగస్టులో ఎన్టీఆర్ ప్రభుత్వమే పడిపోయి నెలకి మళ్లీ లేచింది, ఆ గొడవలో మా అర్జీని పట్టించుకునేదెవరు? చివరికి 1985 మే నెలలో మండలాలు వచ్చాయి. 330 పంచాయతీ సమితుల స్థానంలో 1,104 మండలాలు. ఆఫీసు సైకిలు తొక్కుకుంటూ వెళ్లొచ్చే దూరంలోకి వచ్చింది. నాయనమ్మ పేరు ఎక్కింది ఆ తర్వాతే. ఊరికే ఎక్కలేదు, అక్కడ గుమాస్తాకీ చెయ్యి తడపాల్సి వచ్చింది. అయినా నాయనమ్మ ఏమనేదంటే, వీడికి ఒకసారి పారేస్తే పనైపోతుంది, ఆయనకి జన్మంతా దణ్ణం పెట్టాలి అని.

నేను చెప్పే మార్పు ఇదే. లంచం పోలేదు, దణ్ణం పోయింది. లంచం అడిగే గుమాస్తా మన ఊరివాడు కాదు, మూడేళ్లకి బదిలీ అవుతాడు, మన ఇంట్లో శుభకార్యం అతని దయ మీద ఆధారపడదు. అతనితో పోట్లాడొచ్చు, పై ఆఫీసరుకి అర్జీ పెట్టొచ్చు, పేపరు విలేకరికి చెప్పొచ్చు. ఊళ్లో కరణంతో పోట్లాడి అదే ఊళ్లో బతకడం ఎవరి వల్లా కాలేదు.

ఇంకొకటి. మండల కేంద్రాలని చూడండి. జిరాక్సు షాపు, టైపు మిషను, స్టాంపు వెండరు, దస్తావేజు లేఖరి, పక్కన ఇడ్లీ హోటలు, ఎదురుగా సైకిలు స్టాండు. తర్వాత జూనియర్ కాలేజీ, ఆ తర్వాత బట్టల కొట్లు. మా ఆడవాళ్లు పండక్కి చీరలు కొనుక్కునే ఊరు మారిపోయింది, సంబంధాలు చూసే దూరం కూడా మారింది. ఇదంతా ఆ ఆఫీసు చుట్టూ పుట్టిందేనని నా గట్టి నమ్మకం. ఎవరూ లెక్క కట్టి ఉండకపోవచ్చు, నేను కళ్లారా చూశాను, నాకది చాలు.

మా మామగారిది సూర్యాపేట వైపు. ఆయన ముందు ఈ కథ చెబితే నవ్వేవారు. "మీ దిక్కు కరణం కాయితాలు రాసెటోడు. మా దిక్కు పటేలు, పట్వారీ ఊరిని ఏలిండ్రు" అనేవారు. వెట్టి చూసిన కుటుంబం వాళ్లది. ఆయనకి ఆ ఆర్డినెన్సు పండగే. మా ఊళ్లో అంత పండగేం జరగలేదు, నిజం చెప్పాలి. కరణాల జీతం ఏ మూలకీ చాలేది కాదు, ఆ పని వాళ్లంత బాగా మళ్లీ ఎవరూ చెయ్యలేదు. మా కరణం గారికి గట్టు రాయి ఎక్కడ పూడిపోయిందో కూడా తెలుసు. ఉద్యోగం పోయిన చాలా ఏళ్ల దాకా జనం ఆయన దగ్గరికే వెళ్లారు, సర్వే నంబరు కనుక్కోవడానికి, దస్తావేజు రాయించుకోవడానికి. కాకపోతే ఇప్పుడు ఫీజు ఇచ్చి వెళ్లేవాళ్లు, ఆయన అరుగు మీద బల్ల వేయించారు, వచ్చినవాళ్లు దాని మీద కూర్చునేవాళ్లు. మా నాన్న, ఆయన సాయంత్రాలు అక్కడ కూర్చుని రాజకీయాలు మాట్లాడుకునేవారు. ఆయన చివరిదాకా ఎన్టీఆర్ పేరెత్తితే మాత్రం లేచి లోపలికి వెళ్లిపోయేవారు. కోర్టుకి వెళ్లినవాళ్లూ ఉన్నారు, 1985లో సుప్రీంకోర్టు ఆర్డినెన్సు చెల్లుతుందనేసింది.

రెండు రూపాయల కిలో బియ్యం అని ఒకావిడ రాశారు. దానికి రెండో స్థానం ఇస్తాను. ఆకలి తీర్చిన పథకాన్ని తక్కువ చెయ్యను.

మూడోది మాత్రం ఎవరూ రాయలేదు, ఆశ్చర్యంగా ఉంది. ఉమ్మడి ఆస్తిలో ఆడపిల్లకి కొడుకుతో సమానంగా వాటా. మన రాష్ట్రంలో అది 1985 సెప్టెంబరు 5 నుంచే అమల్లోకి వచ్చింది, దేశమంతటికీ రావడానికి 2005 దాకా పట్టింది. అప్పటికే పెళ్లయిపోయిన వాళ్లకి వర్తించదని మెలిక పెట్టారు. మా మేనత్తకి అంతకు ముందే పెళ్లయింది. ఆ విషయం ఆవిడ ఇప్పటికీ మా నాన్నకి గుర్తు చేస్తూనే ఉంటుంది. కరణం ఇంట్లోనే రికార్డు ఉన్న రోజుల్లో ఈ చట్టం వచ్చి ఉంటే ఏ గడిలో ఎవరి పేరు ఉండేదో ఆలోచించుకోండి.

ఆ తర్వాత ఎన్ని పేర్లు మారాయో. విలేజ్ అసిస్టెంట్లు, పంచాయతీ కార్యదర్శులు, వీఆర్వోలు (గ్రామ రెవిన్యూ అధికారులు). తెలంగాణలో 2020లో వీఆర్వోలనీ తీసేశారు. ఆంధ్రలో 2019 నుంచి గ్రామ సచివాలయాలు. ప్రతిసారీ ఎవరినో తీసేస్తే అంతా బాగుపడుతుందని చెప్పడం ఒక అలవాటైపోయింది. 1984లో తీసేసింది మనుషుల్ని మాత్రమే కాదు, కాగితాన్ని ఇంట్లోంచి బయటికి తెచ్చారు. మిగతావాటికీ దానికీ అదే తేడా.

ఇక నా గోడు. ఆ డెబ్భై సెంట్లు ఇప్పుడు నా పేరున ఉంది. కంప్యూటర్ రికార్డులో సబ్ డివిజన్ ఎగిరిపోయి 112/2 అని చూపిస్తోంది, "బి" లేదు. దాంతో పక్క చెక్కతో కలిసిపోయి విస్తీర్ణం తప్పు వస్తోంది, బ్యాంకువాళ్లు పంట రుణం రెన్యువల్ ఆపేశారు. అర్జీ పెట్టాను, సర్వేయరు వస్తాడన్నారు. పాత శిస్తు రసీదులు నాయనమ్మ ట్రంకు పెట్టెలో దొరికాయి, వాటి మీద "2బి" స్పష్టంగా ఉంది. ఇవి సాక్ష్యంగా ఒప్పుకుంటారా, లేక ఎఫ్-లైన్ పిటిషన్ (పొలం హద్దులు కొలవమని పెట్టే అర్జీ) పెట్టి కొలిపించుకోవాల్సిందేనా? ఈ మధ్య ఇలాంటిది సరిచేయించుకున్నవాళ్లు ఎవరైనా ఉంటే, ఏ కాగితాలు జత చేశారో కాస్త చెప్పండి.