లెక్కల జవాబులు: తోట కొలతలో మైనస్ ఎందుకొచ్చింది?

ప్రశ్న: మా కొబ్బరి తోట పంట బోదె పక్కన వంకరగా ఉంటుందండి. నాలుగు మూలలూ మీటర్లలో గుర్తించాను: ఏ (0, 0), బీ (60, 8), సీ (52, 50), డీ (−6, 40). సదిశా లబ్ధంతో (దిశ ఉన్న రెండు గీతల కొలతలను అడ్డంగా గుణించి తీసివేసే క్రాస్ ప్రోడక్ట్) విస్తీర్ణం కడితే ఓసారి ప్లస్, ఓసారి మైనస్ వస్తోంది. ఏది నమ్మాలి?
— ఓ రైతు, రాజోలు

జవాబు: రెండూ సరైనవేనండి. మూలలను గడియారం ముల్లుకు ఎదురు దిశలో రాసుకుంటే ప్లస్, ముల్లు తిరిగే దిశలో రాసుకుంటే మైనస్. విస్తీర్ణానికి గుర్తు వదిలేసి అంకె తీసుకుంటే చాలు.

నాలుగు మూలల చేనుకు రెండు కర్ణాలతోనే పని అయిపోతుంది. ఏ నుంచి సీకి (52, 50), బీ నుంచి డీకి (−66, 32). లబ్ధం: 52×32 − 50×(−66) = 1664 + 3300 = 4964. ఆ కర్ణాలే భుజాలుగా గీసిన సమాంతర చతుర్భుజ వైశాల్యమిది. మీ తోట అందులో సగం, అంటే 2482 చదరపు మీటర్లు. సెంటుకు 40.47 చొప్పున 61.3 సెంట్లు. 66 ముందున్న మైనస్ మరిచిపోతే ఇదే తోట 20 సెంట్లకు దిగిపోతుంది, జాగ్రత్త.

మూలల వరస తప్పితే ఇంకా ప్రమాదం. ఏ, సీ, బీ, డీ అని రాస్తే హద్దు గీతలు మధ్యలో ఒకదాన్నొకటి దాటుతాయి. ఒక ముక్క ప్లస్, రెండోది మైనస్ అయి కొట్టుకుపోగా 68 చదరపు మీటర్లే మిగులుతుంది. అందుకే గట్టు వెంట నడిచిన వరసలోనే రాయండి.

ఫోన్‌లో చూసిన అక్షాంశ రేఖాంశాలను నేరుగా వాడకండి. మన డెల్టాలో ఒక డిగ్రీ అక్షాంశం సుమారు 111 కిలోమీటర్లు, రేఖాంశం సుమారు 107. రెండింటికీ 111 వేస్తే మీ తోటకు లేని రెండు సెంట్లు పైన కలుస్తాయి. పైగా ఫోన్ చూపే స్థానం కొన్ని మీటర్లు అటూ ఇటూ ఉంటుంది. హద్దు తగవులకు టేపు కొలతే వాడాలి.

ప్రశ్న: సదిశా లబ్ధంలో మధ్య పదం గుర్తు ప్రతిసారీ తప్పుతోంది. సరిచూసుకునే దారి ఉందా?
— ఇంటర్ విద్యార్థిని, అమలాపురం

జవాబు: ఉందమ్మా. (2, 1, 3), (1, 4, 2) ల లబ్ధం (−10, −1, 7). ఇది రెండు సదిశలకూ లంబంగా ఉండాలి, అంటే వాటితో బిందు లబ్ధం (వరసగా జత అంకెలను గుణించి కూడడం) సున్నా రావాలి. మొదటి సదిశతో చేయి: −20 − 1 + 21 = 0. రెండోదానితో: −10 − 4 + 14 = 0. మధ్యలో +1 రాసి ఉంటే మొదటిదే 2 వచ్చి తప్పు బయటపడేది. అయితే సదిశలనే తారుమారు చేసి గుణిస్తే మూడు గుర్తులూ మారతాయి, సున్నా మాత్రం అలాగే వస్తుంది. కాబట్టి ముందుగా ప్రశ్నలో ఏది మొదట ఉందో చూసుకో.