మిన్నెసోటా చలికి ఆగే హైబ్రిడ్ వైన్ ద్రాక్ష టెక్సాస్‌లో ఎందుకు పనికిరాదు?

మిన్నెసోటాలో తీగను చంపేది చలి, టెక్సాస్ గల్ఫ్ తీరంలో చంపేది తెగులు, అందుకే ఒకే రకం రెండు చోట్లా పనికిరాదు. హైబ్రిడ్ అంటే ఎక్కువగా యూరప్ ద్రాక్షను అమెరికా అడవి ద్రాక్షతో కలిపి పుట్టించిన రకం. రుచి యూరప్ వైపు నుంచి, తట్టుకునే గుణం అడవి వైపు నుంచి వస్తాయి, కాకపోతే ఆ అడవి తీగ తను పెరిగిన చోటి కష్టానికే అలవాటు పడి ఉంటుంది.

మిన్నెసోటా యూనివర్సిటీ 2006లో విడుదల చేసిన మార్క్వెట్ (Marquette) అనే రకాన్నే చూడండి, మైనస్ 30 డిగ్రీల సెల్సియస్ చలికి కూడా నిలబడుతుంది. గల్ఫ్ తీరంలో మాత్రం పియర్స్ తెగులు ఉంటుంది. రసం పీల్చే పురుగులు మోసుకొచ్చే బ్యాక్టీరియా తీగలో నీటి నాళాలను మూసేస్తుంది, ఆకు అంచులు కాలినట్టు ఎండిపోతాయి, ఆకు రాలిపోయినా కాడ మాత్రం తీగకే అంటుకుని ఉంటుంది. అక్కడ పెట్టాల్సింది ఈ తెగులును తట్టుకునే, ఫ్లోరిడాలో తయారైన బ్లాంక్ డు బోయిస్.

తీగ ఎంత చలికి ఆగుతుందో నర్సరీ వాళ్ళు చెప్పే అంకె ఒక్కటే చూసి చాలామంది కొనేస్తారు, అది చాలదు. మార్క్వెట్ రకం త్వరగా చిగురిస్తుంది, చలికాలమంతా దాటేసిన తీగ కూడా వసంతంలో ఆలస్యంగా పడే మంచుకు లేత చిగుళ్ళు పోగొట్టుకుంటుంది. మీ ఊళ్ళో ఆఖరి మంచు ఎప్పుడు పడుతుందో, అక్కడి నుంచి కాయ పండటానికి ఎన్ని రోజులు దొరుకుతాయో తప్పకుండా చూసుకోండి.