స్టెంట్ తీగల సంగతి తర్వాత, ముందు ఆ పిక్క నొప్పి చూపించండి

ప్రశ్న: మా నాన్నగారికి 68 ఏళ్లు. కడుపులో పెద్ద రక్తనాళం ఉబ్బిందని 8 నెలల కిందట తొడ దగ్గర నుంచి స్టెంట్ గ్రాఫ్ట్ (తీగల చట్రం ఉన్న గుడ్డ గొట్టం) వేశారు. తీగలు గుడ్డకి లోపలివైపు ఉంటే త్వరగా మానుతుందా, బయట ఉంటేనా? గ్రాఫ్ట్ లోపల కొత్త పొర వచ్చాక మందులు ఆపొచ్చా? కడుపులో మంటని 2 నెలలుగా ఆస్పిరిన్ వేసుకోవట్లేదు. నడిస్తే ఎడమ పిక్క పట్టేస్తోంది, మెడికల్ షాపులో ఇచ్చిన నొప్పి మాత్రలతో సర్దుకుంటోంది. మొదటి నెల స్కాన్ తర్వాత మళ్లీ తీయించలేదు.
- ఒక పాఠకుడు, ఏలూరు

జవాబు: అసలు విషయం మీరు చివర్లో రాశారు. గ్రాఫ్ట్ వేశాక నడిస్తే పిక్క పట్టేస్తోందంటే, ఆ కాలివైపు వెళ్లే గ్రాఫ్ట్ గొట్టం మడత పడిందేమో, గడ్డ కడుతోందేమో అని అనుమానించాలి. నడుము నరం వల్ల కూడా కావచ్చు, మనిషిని చూడకుండా తేల్చలేను. ఈ వారంలోనే వాస్కులర్ సర్జన్‌కి (రక్తనాళాల సర్జన్) చూపించి, రక్తం ఎలా పారుతోందో చూసే డాప్లర్ స్కాన్ చేయించండి. పాదం హఠాత్తుగా చల్లబడినా, పాలిపోయినా, తిమ్మిరెక్కినా తెల్లారేదాకా ఆగకండి.

నొప్పి మాత్రలు ఈరోజే ఆపేయండి. ఓపీకి వచ్చేవాళ్ల కవర్లో పేరున్న వైపు కత్తిరించేసిన స్ట్రిప్ ముక్క ఒకటి తప్పకుండా ఉంటుంది. అదేమిటో వాళ్లకీ తెలియదు, నాకూ తెలియదు. అలాంటి మాత్రలు చాలావరకు కడుపులో పుండు చేస్తాయి, కిడ్నీలను దెబ్బతీస్తాయి. ఆ మంట ఆస్పిరిన్‌దో వీటిదో ఎవరు చెప్పాలి? పట్టించుకోవాల్సిన నొప్పిని అవి కప్పేస్తున్నాయి కూడా. కడుపులో రక్తం కారుతోందేమో, విరేచనం నల్లగా అవుతోందా అని నాన్నగారిని అడగండి. ఆస్పిరిన్ మళ్లీ మొదలుపెట్టడం, దానికి తోడు కడుపు మాత్ర ఇవ్వడం మీ డాక్టర్ నిర్ణయం. ఆపేముందే ఒక్క ఫోన్ చేసి ఉండాల్సింది.

ఇక మీ ప్రశ్న. తీగలు లోపలుంటే గుడ్డ నాళం గోడకి అతుక్కుంటుంది కానీ రక్తం తీగల మీదుగా పారాలి. బయటుంటే లోపల నునుపు. ఏదైనా, మనుషుల్లో కొత్త పొర రెండు కొసల నుంచి ఒకటి రెండు సెంటీమీటర్లు పాకి చాలావరకు అక్కడే ఆగుతుంది, మధ్యభాగం ఏళ్లయినా పూర్తిగా కప్పుకోదు. జంతువుల్లో బాగా మానిన ఫొటోలు చూసి మోసపోకండి. కాబట్టి 'పొర వచ్చేసింది, మందులు చాలు' అనే రోజు కోసం చూడొద్దు. గ్రాఫ్ట్‌ను పట్టి ఉంచేది తీగల ఒత్తిడి, కొన్నిటికి ఉండే కొక్కేలు. అందుకే నాళం కన్నా సాధారణంగా 10-20 శాతం పెద్ద సైజు వేస్తారు. మరీ పెద్దదైతే గుడ్డ ముడతలు పడుతుంది. మెలికలు తిరిగిన నాళంలో బిరుసు డిజైన్ ఇబ్బంది. ఇవన్నీ వేసేముందు చూసుకునేవి, ఇప్పుడు మార్చలేం.

సీటీ స్కాన్ ఏడాదికి ఎలాగూ కావాలి, ఈ నొప్పితో ముందే పడొచ్చు. ఉబ్బులోకి రక్తం కారుతున్నా పైకి ఏమీ తెలియదు, 'బాగానే ఉన్నారు' అన్నది లెక్కలోకి రాదు. స్కాన్‌కి మందు ఎక్కించే ముందు క్రియాటినిన్ (కిడ్నీల పనితీరు చెప్పే రక్తపరీక్ష) చూడమనండి. చుట్ట, బీడీ సంగతి మీరు రాయలేదు; ఉంటే అదీ చెప్పండి. డిశ్చార్జ్ ఫైల్లో గ్రాఫ్ట్ కంపెనీ, సైజు ఉన్న స్టిక్కర్ ఉంటుంది, ఆ ఫైలు వెంట తీసుకెళ్లండి.