విండోస్ ఎక్స్‌పీ బూట్ కావట్లేదా? డిస్క్ కంటే ముందు బ్యాటరీ చూడండి

మీ పాత ఎక్స్‌పీ కంప్యూటర్‌లో గడియారం 2009 జనవరికి వెళ్లిపోయింది, ఎక్స్‌పీ లోగో రాగానే 7బి అనే ఎర్రర్ నంబరుతో నీలం తెర వస్తోంది అనుకుందాం. ఈ రెండూ కలిసి వస్తే డిస్క్ పోయిందని అప్పుడే అనుకోకండి. మదర్‌బోర్డు మీది బ్యాటరీ అయిపోతే బయాస్ (కంప్యూటర్ ఆన్ కాగానే మొదట నడిచే ప్రోగ్రామ్) సెట్టింగులు మళ్లీ మొదటికొస్తాయి. అప్పుడు చాలా బోర్డుల్లో సాటా మోడ్, అంటే బోర్డు డిస్క్‌తో మాట్లాడే పద్ధతి, పాత ఐడీఈ నుంచి కొత్త ఏహెచ్‌సీఐకి మారిపోతుంది. మామూలు ఎక్స్‌పీలో ఏహెచ్‌సీఐకి కావాల్సిన డ్రైవర్ (ఆ పద్ధతిని నడిపే సాఫ్ట్‌వేర్) ఉండదు, అందుకే దానికి డిస్క్ కనిపించదు.

ప్లగ్ పీకేసి, పవర్ బటన్ పది సెకన్లు నొక్కి పట్టుకోండి. మదర్‌బోర్డు బ్యాటరీని, అంటే బిళ్లలాంటి సీఆర్2032 సెల్‌ను, తీసి మల్టీమీటర్‌తో కొలవండి. కొత్తది 3 వోల్టుల పైనే చూపిస్తుంది, 2.7 లోపుంటే మార్చేయండి (చవకే, అనుమానం ఉన్నా మార్చొచ్చు). సెల్ పెట్టేటప్పుడు ప్లస్ గుర్తు పైకి ఉండాలి. తర్వాత బయాస్‌లో తేదీ సరిచేసి, సాటా మోడ్ ఐడీఈకి మార్చి సేవ్ చేయండి. కొన్ని బోర్డుల్లో ఐడీఈనే లెగసీ లేదా కంపాటిబుల్ అంటారు.

అయినా అదే తెర వస్తే, డిస్క్‌ను ఇంకో కంప్యూటర్‌కు తగిలించి ముందు మీ ముఖ్యమైన ఫైళ్లు కాపీ చేసుకోండి. చెక్‌డిస్క్ (డిస్క్‌లో తప్పులు వెతికి సరిచేసే విండోస్ ప్రోగ్రామ్) ఆ తర్వాతే. చావుబతుకుల్లో ఉన్న డిస్క్ మీద దాన్ని ముందే నడిపితే ఉన్నదీ పోవచ్చు.