రెండో పేరు

అమ్మాయీ,

నీ వ్యాసం అందింది. రెండుసార్లు చదివాను, రెండోసారి ఎర్రపెన్ను పట్టుకుని. పెన్ను మాట విని టెన్షన్ పడకు. స్పోర్ట్స్ డెస్కు మీద 30 ఏళ్లు పనిచేసినవాడికి అది చేతిలో లేకపోతే అక్షరాలు కనపడవు.

ముందు నచ్చిన సంగతి చెబుతాను. అమెరికాలో షార్లెట్‌లో ఉండి బాస్కెట్‌బాల్ మీద తెలుగులో రాస్తున్నానంటే, స్టార్ ఆటగాడు స్టెఫ్ కర్రీ గురించే అనుకున్నాను. ఆయన మీ ఊళ్లో పెరిగినవాడేగా. నువ్వు ఆయన్ని పక్కనపెట్టి, అదే 1988లో పుట్టి ఆ చుట్టుపక్కలే పెరిగిన ఇష్ స్మిత్‌ను పట్టుకున్నావు. 2011-12లో కొన్నాళ్లు ఇద్దరూ గోల్డెన్ స్టేట్ జట్టులోనే ఉన్నారు. కర్రీ అక్కడే ఉండిపోయాడు. స్మిత్ మొత్తం 13 జట్లకు ఆడాడు. 2022లో డెన్వర్ తరఫున కోర్టులో దిగిన రోజున అమెరికా బాస్కెట్‌బాల్ లీగ్ ఎన్‌బీఏలో 12 జట్ల పాత రికార్డు దాటిపోయింది. మంచి మనిషిని ఎంచుకున్నావు. మన పేచీ అంతా ఎంచుకున్న తర్వాతి సంగతి మీదే.

13 జట్లకు 13 భాగాలు పెట్టావు. హ్యూస్టన్, మెంఫిస్, గోల్డెన్ స్టేట్, ఓర్లాండో, మిల్వాకీ, ఫీనిక్స్... ప్రతి భాగంలోనూ పెట్టె సర్దుకున్నాడు, విమానం ఎక్కాడు, కొత్త జెర్సీ వేసుకున్నాడు. ఓర్లాండో వచ్చేసరికి నేను కాఫీ పెట్టుకోవడానికి లేచాను. తిరిగొచ్చి చూస్తే మిల్వాకీలో మళ్లీ పెట్టె సర్దుతున్నాడు. రైళ్ల టైంటేబుల్ ఎంత సరిగ్గా ఉన్నా దాన్ని ప్రయాణం అనం కదా.

నువ్వు సేకరించిన కాగితాల్లోనే ఒక సంగతి ఉంది. నీ కంట పడలేదు. అతను చేతులు మారిన ట్రేడ్‌లు, అంటే జట్లు ఆటగాళ్లను ఇచ్చిపుచ్చుకున్న బేరాలు, ఒక నాలుగు వరసగా పెట్టి చూడు. 2011 ఫిబ్రవరిలో హ్యూస్టన్ నుంచి మెంఫిస్‌కు వెళ్లాడు. దాన్ని జనం షేన్ బాటియే ట్రేడ్ అంటారు. 2013 ఫిబ్రవరిలో ఓర్లాండో నుంచి మిల్వాకీకి. అది జేజే రెడిక్ ట్రేడ్. 2022 ఫిబ్రవరిలో షార్లెట్ నుంచి వాషింగ్టన్‌కు వెళ్లినది మాంట్రెజ్ హారెల్ పేరు మీద నడిచింది. అదే ఏడాది జులైలో వాషింగ్టన్ నుంచి డెన్వర్‌కు వెళ్లినప్పుడు వార్త కెంటావియస్ కాల్డ్‌వెల్-పోప్‌ది. ఈ నాలుగుసార్లూ ఇతని పేరు రెండోదో మూడోదో. ట్రేడ్ కుదరాలంటే అటూ ఇటూ జీతాల లెక్క సరిపోవాలి, జట్టులో 15 మంది పరిమితి చూసుకోవాలి. అందుకని పెద్ద పేరు పక్కన చిన్న పేరు కలుపుతారు. కొట్లో చిల్లర లేక చాక్లెట్ చేతిలో పెట్టినట్టు.

నీ వ్యాసం అక్కడ మొదలవ్వాలని నాకనిపిస్తోంది.

ఆ చాక్లెట్‌నే ఒకరు రేటు కట్టి మరీ కొనుక్కున్న రోజు ఒకటుంది. నువ్వు దానికి రెండు వాక్యాలు ఇచ్చి దాటేశావు. నేనైతే సగం వ్యాసం అక్కడే కూర్చుంటాను. 2015 ఫిబ్రవరిలో వేవర్స్‌లో, అంటే ఒక జట్టు వదిలేశాక ఇంకో జట్టు తీసుకునే గడువులో, ఉన్న ఇష్ స్మిత్‌ను ఫిలడెల్ఫియా తీసుకుంది. బదులుగా ఎవరినీ ఇవ్వాల్సిన పనిలేదు. సీజన్ చివరిదాకా ఆడించుకుని వేసవిలో ఒప్పందం కొనసాగించలేదు. అతను వాషింగ్టన్ జట్టు శిక్షణ క్యాంపుకు వెళ్లాడు. సీజన్ మొదలయ్యేలోపే వాళ్లు వదిలేస్తే న్యూ ఆర్లీన్స్ తీసుకుంది. ఇక్కడ ఫిలడెల్ఫియా పరిస్థితి చూడు. డిసెంబర్ 23 నాటికి 31 మ్యాచ్‌లు ఆడితే గెలిచింది ఒక్కటి. బంతి పట్టుకుని నలుగురికీ పంచే పాయింట్ గార్డ్ లేడు. నెర్లెన్స్ నోయెల్ లాంటి పొడగరి రింగ్ దగ్గరికి ఎగురుతున్నాడు, బంతి మాత్రం అక్కడికి రావడం లేదు. ఫిబ్రవరిలో ఊరికే వచ్చిన మనిషినే డిసెంబర్ 24న రెండు సెకండ్ రౌండ్ పిక్‌లు, అంటే డ్రాఫ్ట్ అనే కొత్త ఆటగాళ్ల ఎంపికలో రెండో రౌండ్‌లో పేరు పిలుచుకునే రెండు వంతులు, ఇచ్చి వెనక్కి తెచ్చుకున్నారు.

2010 డ్రాఫ్ట్‌లో రెండు రౌండ్లూ కలిపి 60 పేర్లు పిలిచారు. అందులో ఇతని పేరు లేదు. ఆ రెండో రౌండ్‌లో కూడా చోటు దొరకని మనిషికి ఐదేళ్ల తర్వాత కట్టిన వెల రెండు రెండో రౌండ్ పిక్‌లు. ఈ సంగతి మీద ఒక్క విశేషణం కూడా పెట్టకు. ఉన్నది ఉన్నట్టు రాసి పక్కకు తప్పుకో.

డిసెంబర్ 26న, అంటే రెండు రోజులకే, ఫీనిక్స్‌లో మ్యాచ్. అది అతని పాత జట్టే. ఫిలడెల్ఫియా ఆ ఏడాది రెండో గెలుపు అక్కడ గెలిచింది. అలాగని ఆ తర్వాత దశ తిరిగిందని రాయకు. చివరికి 10 గెలుపులు, 72 ఓటములతో ముగించారు. అంటే అతను వచ్చాక ఆడిన 51 మ్యాచ్‌ల్లో తొమ్మిది గెలిచారు. నువ్వు 'జట్టు రాత మార్చాడు' అన్నావు. రాత మారలేదమ్మా. కాస్త ఆటలా కనపడింది, అంతే. ఆ కాస్తకే 2016 వేసవిలో డెట్రాయిట్ మూడేళ్లకు కోటీ 80 లక్షల డాలర్ల ఒప్పందం రాసింది. ఆ మూడు సీజన్లూ పెట్టె విప్పి పెట్టుకున్నాడు. వాటిని ఒక్క పేరాలో దాటేయి. కుదురుగా ఉన్న రోజుల గురించి ఎక్కువ చెప్పడానికేం ఉండదు.

రెండు రోజుల్లో కొత్త జట్టుతో ఎలా ఆడాడన్నది నువ్వు అసలు అడగలేదు. నాకు మా ఊరి హార్మోనిస్టు గుర్తొచ్చాడు. పద్యనాటకాల కాంట్రాక్టరు ఒకటో కృష్ణుణ్ణి ఒక ఊరి నుంచి, రెండో కృష్ణుణ్ణి ఇంకో ఊరి నుంచి, అర్జునుణ్ణి మరెక్కడి నుంచో పిలిపించేవాడు. సాయంత్రం బస్సు దిగేదాకా ఎవరికెవరో తెలియదు. మా హార్మోనిస్టు మేకప్ వేసుకుంటున్నవాళ్ల మధ్య తిరిగి, ఒక్కొక్కరి చేత ఒక్క సాకీ పాడించుకుని, ఎవరి శృతి ఏమిటో, ఎవరు పద్యం చివర రాగం సాగదీస్తారో, ఎవరికి ఊపిరి చాలదో గంటలో పట్టేసేవాడు. ఊపిరి చాలని చోట తన వేళ్లతో పూడ్చేవాడు. కరపత్రంలో ఆయన పేరు అట్టడుగున, మైకుసెట్టు వాడి పేరు పైన.

కొత్త జట్టులోకి వచ్చిన పాయింట్ గార్డ్ పని అదే. ప్లేల, అంటే ముందే అనుకున్న ఎత్తుగడల, పేర్లు ఒక్కో కోచ్ దగ్గర ఒక్కోలా ఉంటాయి. రింగ్ దగ్గర ఆడే ఈ సెంటర్‌కు బంతి నేలమీద కొట్టి అందించాలి, ఆ సెంటర్‌కు పైకి విసరాలి. ఈ షూటర్‌కు కుడివైపు వస్తేనే చెయ్యి తిరుగుతుంది. ఇవన్నీ రెండు ప్రాక్టీసుల్లో, ఒక్కోసారి అవి కూడా లేకుండా పట్టుకోవాలి. ఆరడుగుల మనిషి. పొడవు తేలేడు. బయట నుంచి షాట్ కూడా నమ్ముకోదగ్గది కాదు. కాళ్ల వేగం, ఎదుటివాడి శృతి పట్టే చెవి, ఈ రెండూ పెట్టె అవసరం లేని సామాను. నువ్వు మాత్రం మొత్తం వ్యాసంలో పెట్టె గురించే రాశావు!

ఇంకొకటి. 'తీసేశారు' అన్న మాట నీ వ్యాసంలో పదకొండుసార్లు వచ్చింది. లెక్కపెట్టాను. ట్రేడ్ అయితే జట్టు అమ్మినట్టు. వేవ్ చేస్తే వదిలేసినట్టు, అప్పుడు 48 గంటల్లో వేరే జట్టు అదే ఒప్పందంతో తీసుకోవచ్చు. ఒప్పందం గడువు తీరడం ఇంకొకటి. ఇంట్లో ఈ మూడు కబుర్లూ మూడు రకాలుగా వినిపిస్తాయి. ఒకే మాటతో మూడింటినీ కప్పేస్తే, ఆ మనిషికి ఏం జరిగిందో పాఠకుడికి తెలియదు. జాలి మాత్రం తెలుస్తుంది.

జాలి అంటే గుర్తొచ్చింది. 'ఆ రాత్రి హోటల్ కిటికీలోంచి వాన చూస్తూ కన్నీళ్లు తుడుచుకున్నాడు' అని రాశావు. ఎవరు చూశారు? నన్ను తిట్టుకునే ముందు నా సంగతి విను. ఉద్యోగంలో చేరిన కొత్తలో మా జిల్లా పాత కబడ్డీ ఆటగాడి మీద రాశాను. రాష్ట్ర జట్టు దాకా వెళ్లి, దేశం జట్టు గుమ్మం ముందు ఆగిపోయినవాడు. 'కీర్తి కరుణించని వీరుడు' అని హెడ్డింగ్ పెట్టి, రోజూ సాయంత్రం అరుగు మీద కూర్చుని పాత రోజులు తలచుకుని ఏడుస్తాడని ముగించాను. ఆదివారం అచ్చయింది. సోమవారం ఆయనే ఆఫీసుకొచ్చాడు, పేపరు మడిచి చంకలో పెట్టుకుని. 'నేనెప్పుడు ఏడ్చానండీ? ఆట వల్లే రైల్వేలో ఉద్యోగం వచ్చింది. ఇద్దరు చెల్లెళ్ల పెళ్లిళ్లు చేశాను. సాయంత్రం పిల్లలకు కూత నేర్పుతాను. అరుగు మీద కూర్చునే తీరికెక్కడిది?' అన్నాడు. టీ తాగి, నా భుజం తట్టి వెళ్లాడు. తిడితే బాగుండేది.

2023 జూన్‌లో డెన్వర్ మొదటిసారి ఛాంపియన్ అయింది. మయామీ మీద 4-1. నీ వాక్యాలు అక్కడ టపాసుల్లా పేలాయి. కానీ ఛాంపియన్‌ను తేల్చే ప్లేఆఫ్స్‌లో అతను దాదాపు అంతా బెంచీ మీదే ఉన్నాడు. దాన్ని దాచకు. దానికి సిగ్గుపడాల్సిన పనీ లేదు. పైగా కథ ఛాంపియన్లకిచ్చే ఉంగరం దగ్గర ఆగలేదు, తర్వాతి సీజన్‌లో మళ్లీ మీ షార్లెట్ జట్టుకే ఆడాడు. నువ్వు ఉంగరం తర్వాత పెన్ను మూసేశావు కాబట్టి ఆ ఇంటికి రావడం రాయనేలేదు.

ఓపిక ఉంటే జో స్మిత్ కాగితాలు కూడా తిరగేయి. 1995 డ్రాఫ్ట్‌లో మొట్టమొదట పిలిచిన పేరు ఆయనది. ఆయనా 12 జట్లు తిరిగాడు. ఒకటో కృష్ణుడిగా పిలిచినవాడు చివరికి ఏ వేషానికైనా సరే అన్నట్టు. ఆ కథ వేరు, ఇందులో కలపకు. తర్వాతెప్పుడైనా పనికొస్తుంది.

కాంకర్డ్‌లో అతను చదివిన సెంట్రల్ కబారస్ హైస్కూల్ మీకు దగ్గరే కదా. ఒక శుక్రవారం సాయంత్రం అక్కడ మ్యాచ్ ఉంటే వెళ్లి చూసిరా. స్టార్ కుర్రాణ్ణి కాదు, చివర్లో దింపే గార్డును చూడు. బెంచీ మీంచి లేచేటప్పుడు జాకెట్ ఎలా విప్పుతాడో, కోర్టులో అడుగుపెట్టగానే మొదట ఎవరితో మాట్లాడతాడో రాసి పంపు. వ్యాసం ఆ తర్వాత చూద్దాం.

మీ అమ్మగారిని అడిగానని చెప్పు.

తా.క.: డిసెంబర్ 26 మ్యాచ్ వీడియో ఎక్కడైనా దొరికితే కామెంటరీ ఆపేసి చూడు. బంతి వంక చూడొద్దు, అతని చూపుడు వేలు ఎవరిని ఎక్కడ నిలబడమంటోందో చూడు.