ప్లూటో గురించి అందరూ తిట్టేది మూడో రూల్‌ని, నాకు మాత్రం రెండోదే నచ్చదు

"చేతులెత్తి ఓట్లేసి ప్లూటోని గ్రహాల లిస్టులోంచి తీసేయడం సైన్సేనా?" అని అడిగారు కదా. నేను సైంటిస్టుని కాదు, టెలిస్కోప్ పిచ్చి ఉన్నవాణ్ణి అంతే, వీలైనప్పుడల్లా పిల్లలకి ఆకాశం చూపిస్తుంటా కాబట్టి ఈ ప్రశ్న తప్పకుండా పడుతుంది. నా మటుకు నాకు తీసేయడం కరెక్టే, గ్రహం అంటే ఏంటో చెప్పే రూల్ రాసిన తీరే బాలేదు.

ఇలా జరగడం మొదటిసారేం కాదు. 1801 జనవరి 1న ఇటలీ ఖగోళ శాస్త్రవేత్త పియాజ్జి మార్స్‌కీ జూపిటర్‌కీ మధ్యలో సెరెస్‌ని కనిపెడితే దాన్ని గ్రహమనే అన్నారు, తర్వాత పాలస్, జూనో, వెస్టా దొరికితే అవీ గ్రహాలే, పుస్తకాల్లో కూడా అలాగే ఎక్కించారు. 1845 నుంచి అదే ఏరియాలో ఒకదాని వెనక ఒకటి దొరుకుతూనే ఉండేసరికి ఇక లాభం లేదని అన్నిట్నీ ఆస్టరాయిడ్స్ కింద పడేశారు. పాపం సెరెస్ కోసం ఇప్పుడు ఎవరూ గొడవ పడరు. దాన్ని మంచి బైనాక్యులర్స్‌తోనే చూడొచ్చు, కాకపోతే పక్కనున్న నక్షత్రాలకీ దానికీ తేడా ఏం తెలీదు, ఆ చుట్టుపక్కల చుక్కలన్నీ కాగితం మీద గీసుకుని రెండు రోజులాగి మళ్ళీ చూస్తే ఒక్క చుక్క జరిగి ఉంటుంది, అదీ సెరెస్. పియాజ్జి పట్టుకున్నది కూడా ఆ జరగడాన్నే. ప్లూటో అయితే ఇంకా కష్టం, పది పన్నెండు అంగుళాల టెలిస్కోప్ పెట్టి, చార్ట్ దగ్గర పెట్టుకుని, ఉందా లేదా అన్నట్టుండే చుక్క కోసం కళ్ళు చికిలించుకుని వెతకాలి, తీరా చూపిస్తే పిల్లలు "ఇదేనా అంకుల్?" అంటారు.

1930లో క్లైడ్ టాంబో ప్లూటోని కనిపెట్టినప్పుడు అది దాదాపు భూమంత బరువుంటుందని అనుకున్నారు. 1978లో దాని చందమామ షారన్ దొరికాక లెక్కేస్తే భూమి బరువులో 0.2 శాతం దగ్గర తేలింది. 1992 నుంచి ఆ చుట్టుపక్కల అలాంటివే వేరేవి బయటపడటం మొదలైంది, 2005లో వాటిలో ఎరిస్ అనేది వచ్చింది. అది ప్లూటో కంటే పెద్దదనుకున్నారు (సైజులో ప్లూటోనే కాస్త పెద్దదని 2015లో న్యూ హొరైజన్స్ అనే వ్యోమనౌక ప్లూటో దగ్గరికి వెళ్ళాక తేలింది, బరువులో మాత్రం ఎరిసే ఎక్కువ). ఎరిస్‌ని చేర్చాలి, లేదంటే ప్లూటోని తీయాలి, ఇంకో దారి లేదు. 2006 ఆగస్టులో ప్రాగ్‌లో జరిగిన అంతర్జాతీయ ఖగోళ సంఘం (IAU) మీటింగ్‌లో మొదట 12 గ్రహాల డ్రాఫ్ట్ పెట్టారు, వారం తిరిగేసరికి అంతా తారుమారై 24న 8కి ఓటేశారు. ఓటేసింది ప్లూటో ఎలా ఉందనే దాని మీద కాదు, దేన్ని ఏ లిస్టులో పెట్టాలి అనే దాని మీద. అది ఎవరో ఒకరు కూర్చుని తేల్చాల్సిందే.

ఆ రూల్స్ మూడు: సూర్యుడి చుట్టూ తిరగాలి, సొంత గ్రావిటీతో గుండ్రంగా అవ్వాలి, తన దారిని క్లియర్ చేసుకుని ఉండాలి. అందరూ మూడోదాని మీద పడతారు, జూపిటర్ దారిలో కూడా వేల ట్రోజన్ ఆస్టరాయిడ్లు ఉన్నాయిగా అంటారు. ఉన్నాయి, కానీ జూపిటర్ చెప్పుచేతల్లో ఉన్నాయి. ప్లూటో సంగతీ అంతే, నెప్ట్యూన్ మూడు రౌండ్లు వేసేలోగా ఇది రెండు వేస్తుంది, ఆ లెక్క తప్పదు. 2006లోనే స్టీవెన్ సోటర్ అనే ఖగోళ శాస్త్రవేత్త ఒక లెక్క కట్టాడు, తన దారిలో ఉన్న మిగతా సామానంతా కలిపితే వచ్చే బరువుకి ఆ వస్తువు ఎన్ని రెట్లు ఉందని. భూమి సుమారు 17 లక్షల రెట్లు, గ్రహాల్లో అన్నిటికంటే తక్కువ వచ్చినది కూడా వేల రెట్లు, సెరెస్ 0.33, ప్లూటో 0.07. ఆ వేలకీ ఒకటికీ మధ్యలో ఏమీ లేదు. ఇంత క్లియర్‌గా గీత ఎక్కడ దొరుకుతుంది చెప్పండి? దీన్ని నంబర్‌తో రాయకుండా "క్లియర్ చేసుకోవాలి" అని వదిలేశారు, గొడవంతా అందుకే.

అసలు చిక్కు గుండ్రం దగ్గర ఉంది. శాటర్న్ చందమామ మైమస్ 400 కిలోమీటర్లు కూడా లేదు, గుండ్రంగా ఉంటుంది, నెప్ట్యూన్ చందమామ ప్రోటియస్ దానికంటే కాస్త పెద్దది, ఆకారం చూస్తే మూలలు తేలిన రాయి. ఇక నెప్ట్యూన్ అవతల ఉన్నవి చాలావరకు హబుల్ టెలిస్కోప్‌కి కూడా చుక్కలే, గుండ్రమో కాదో ఎవడు చూసొచ్చాడు? 2024లో జాన్ లూక్ మార్గో అనే శాస్త్రవేత్త, ఆయన తోటివాళ్ళు గుండ్రం సంగతి వదిలేసి బరువుతో తేలుద్దాం, వేరే నక్షత్రాల గ్రహాలకి కూడా పనికొస్తుంది అని ప్రపోజ్ చేశారు, నాకు అదే నచ్చింది.

న్యూ హొరైజన్స్ నడిపిన అలన్ స్టెర్న్ లాంటి వాళ్ళు గుండ్రంగా ఉంటే చాలు, దేని చుట్టూ తిరిగినా గ్రహమే అంటారు, ఆ వాదన కూడా తీసిపారేసేది కాదు. నైట్రోజన్ మంచు ప్రవాహాలు, నీటి మంచు కొండలు ఉన్నదాన్ని స్టడీ చేసేవాళ్ళకి అది ఎవరి దారిలో తిరిగితే ఏంటి? కానీ ఆ లెక్కన మెర్క్యురీ కంటే పెద్దవైన గానిమీడ్, టైటాన్ గ్రహాలే, మన చంద్రుడూ గ్రహమే. అన్నిట్నీ కలుపుకుంటానంటే ప్లూటోని కూడా ఉంచుకోండి, నాకేం అభ్యంతరం లేదు. చంద్రుడొద్దు, సెరెస్ వద్దు, ఎరిస్ వద్దు, చిన్నప్పుడు చదువుకున్నాం కాబట్టి ప్లూటో ఒక్కటి కావాలంటే మాత్రం కుదరదు.